దీపం చుట్టూ అమ్మ చూసిన రంగులు

నాకు ఓపిక తక్కువ. ఏటా దిల్‌సుఖ్‌నగర్‌లో కంటి పరీక్షకు వెళ్ళినప్పుడల్లా అక్కడి అమ్మాయి చేత చీవాట్లు తింటాను. గడ్డం ఒక చిన్న పీటలాంటి దాని మీద ఆనించి, ఒక కన్ను మూసుకుని, ఎదురుగా ఉన్న తెల్లటి డిప్పలోకి చూడాలి. నడుమ ఒక చుక్క ఉంటుంది. చూపు దాని మీదే నిలపాలి. పక్కల ఎక్కడైనా చిన్న వెలుగు మెరిస్తే చేతిలోని మీట నొక్కాలి. నేను చుక్కను వదిలేసి వెలుగుల కోసం వెతుకుతాను. కనబడకపోయినా నొక్కేస్తాను. "సార్, మీరు తొండాట ఆడుతున్నరు" అని ఆ అమ్మాయి మళ్ళీ మొదటి నుంచి పెడుతుంది.

పక్కచూపు ఎంత మిగిలిందో ఆ పరీక్ష చెబుతుంది. నీటికాసుల జబ్బు వచ్చిన తల్లికి పుట్టినవాణ్ణి కాబట్టి నాకిది తప్పదు. ఇప్పుడందరూ దాన్ని గ్లాకోమా అంటున్నారు. అందులో ఒక రకం నొప్పి లేకుండా, కన్ను ఎర్రబడకుండా, అంచుల నుంచి మెల్లగా చూపును కొరుక్కు తింటుంది. మనిషి గుమ్మం తగిలో, పక్క నుంచి వచ్చే సైకిలు కనబడకో గతుక్కుమనేసరికి చాలా భాగం పోయి ఉంటుంది. ఇంకో రకం గోల చేసుకుంటూ వస్తుంది. మా అమ్మకు వచ్చింది ఆ రెండోది. అది ఉన్నపళంగా మీద పడలేదు. మూడు నెలల ముందు నుంచి చెప్పి మరీ వచ్చింది. వినవలసినవాణ్ణి నేను వినలేదు.

అది అరవై తొమ్మిది. తెలంగాణ కావాలని కాలేజీలన్నీ రోడ్ల మీదికి వచ్చిన ఏడు. నాకప్పుడు ఇరవై ఏళ్ళు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఇళ్ళు ఇంకా దూరదూరంగా ఉండేవి. ఇప్పుడు ఎల్బీనగర్ అంటున్న వైపు పోతే బండలు, తుమ్మచెట్లు, విజయవాడ రోడ్డు మీద లారీలు తప్ప ఏమీ ఉండేవి కావు. మాది రెండు గదుల కిరాయి ఇల్లు. నాన్న నల్లగొండ జిల్లాలో, మా సొంత ఊళ్ళో, క్రైస్తవుల బడిలో పంతులు. నెలకోసారి వచ్చిపోయేవాడు. బస్సుల మీద రాళ్ళు పడడం మొదలయ్యాక అది కూడా ఆగిపోయింది. నన్ను చదివించడానికని అమ్మే నాతో పట్నంలో ఉండేది. బట్టలు కుట్టేది. సైదాబాద్ నుంచి, చంపాపేట నుంచి కూడా ఆడవాళ్ళు రవికె గుడ్డలు తెచ్చి ఇచ్చేవాళ్ళు. ఆమె కుట్టు సన్నగా, వరసగా ఉంటుందని పేరు.

కాలేజీ మూసేశారు. పరీక్షలు ఎప్పుడో ఎవరికీ తెలియదు. ఇంట్లో ఉంటే కాలుగాలిన పిల్లిలా రెండు గదుల మధ్య తిరిగేవాణ్ణి. పొద్దున్నే ఏదో ఒక ఊరేగింపు పేరు చెప్పి బయటపడేవాణ్ణి. మలక్‌పేట దాకా నడక, నినాదాలు, పోలీసులు వస్తే సందుల్లో పరుగు, మళ్ళీ పోగవడం. తిరిగొచ్చేసరికి పొద్దు గూకేది. అమ్మ గుమ్మంలో కందిలి పెట్టుకుని నిలబడి ఉండేది. ఆమె నన్ను తిట్టే తిట్లు పక్కింటి దాకా వినబడేవి. పక్కింటివాళ్ళు కృష్ణా జిల్లా నుంచి వచ్చినవాళ్ళు. ఆయన సర్కారు ఆఫీసులో గుమస్తా. ఆయన భార్య, అమ్మ మంచి స్నేహితులు. గోడ మీది నుంచి కరివేపాకు, పచ్చళ్ళు, కుట్టిన రవికెలు అటూ ఇటూ నడిచేవి. ఆ ఏడు నేను వాళ్ళతో మాట్లాడడం మానేశాను. ఎందుకని అమ్మ అడిగితే ఏదో నినాదం ఒకటి అప్పజెప్పాను.

అట్లాంటి ఒక సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి అమ్మ తిట్టలేదు. గుమ్మంలోనే కూర్చుని కందిలి వైపు చూస్తూ నవ్వుతోంది. ఎడమ కనుబొమ్మ మీద చెయ్యి అదిమి పట్టుకుని ఉంది. మసక చీకట్లో నా కోసం చూస్తూ ఉంటే తల నొచ్చిందట, కళ్ళకు పొగ కమ్మినట్టయిందట, అప్పుడు దీపం చుట్టూ గుండ్రంగా రంగులు కనబడ్డాయట. లోపలి వైపు నీలం, బయటి అంచున ఎరుపు. వాన వెలిశాక ఆకాశంలో వచ్చే రంగులే. ప్రార్థన చేసుకుని కాసేపు పడుకుని లేచేసరికి నొప్పీ లేదు, రంగులూ లేవు. ఈలోగా నేనొచ్చాను.

నాకు ఆకలిగా ఉండింది. సరే అన్నాను, అన్నం పెట్టమన్నాను.

తర్వాత నాలుగైదుసార్లు అట్లాగే అయింది. ప్రతిసారీ పొద్దు గూకే వేళ, నేను ఆలస్యం చేసిన రోజే. నా గురించి ఆమె ఎంత పరేషాన్ అయితే రంగులు అంత బాగా కనబడేవట. ప్రతిసారీ నేను ఒళ్ళు చెక్కు చెదరకుండా ఇంటికి వచ్చేవాణ్ణి. ఆమెకు సంగతి తేటగా అర్థమైంది. నీ కొడుకు క్షేమంగా వస్తాడని దేవుడు మాటిచ్చి, ఆ మాటకు గుర్తుగా దీపం చుట్టూ రంగులు చూపిస్తున్నాడు. అందులో ఆమెకు ఇసుమంత అనుమానం లేదు.

మా వాళ్ళలో గురువారం గురువారం ఒకరి ఇంట్లో ప్రార్థన కూటం జరిగేది. పాటలయ్యాక, ఆ వారం దేవుడు తనకు చేసిన మేలు ఉంటే ఎవరైనా లేచి నిలబడి చెప్పాలి. దాన్ని సాక్ష్యం చెప్పడం అంటారు. కూటం మా ఇంట్లో జరిగిన వారం అమ్మ లేచింది. కందిలి సంగతి, రంగుల సంగతి, నేను రోజూ క్షేమంగా ఇంటికి రావడం, అంతా చెప్పింది. చాప మీద కూర్చున్న ఆడవాళ్ళు కళ్ళు ఒత్తుకున్నారు. స్తోత్రం, స్తోత్రం అన్నారు. ఒకావిడ నా తల నిమిరింది. నాకు తల కొట్టేసినట్టయింది. మా కాలేజీ కుర్రాళ్ళకు తెలిస్తే ఎట్లా నవ్వుతారో అన్న ఆలోచన తప్ప, ఏ కంటికి కనబడుతున్నాయి, నొప్పి ఎంతసేపు ఉంటోంది అని అడగాలన్న బుద్ధి పుట్టలేదు.

తెల్లారి నేను బయటికి పోతుంటే పక్కింటామె గేటు దగ్గర ఆపింది. మెల్లగా, అటూ ఇటూ చూసుకుంటూ మాట్లాడింది.

"బాబూ, నిన్న మీ అమ్మగారు చెప్పిందంతా గోడవతల నుంచి విన్నాను. అది దేవుడి మహిమ కాదు బాబూ, జబ్బు. మా అమ్మకీ ఇలాగే దీపం చుట్టూ రంగులు కనపడేవి. కనుబొమ్మ మీద నొప్పి, కళ్ళు మసకలు. నిద్రపోతే తగ్గిపోయేది. మేమూ పట్టించుకోలేదు. ఒకరోజు తలపోటొచ్చి వాంతులయ్యాయి, ఆ కన్ను పోయింది. ఏడాది తిరక్కుండా రెండోదీ పోయింది. నేను చెబితే మీ దేవుణ్ణి వెక్కిరించినట్టు ఉంటుంది. కొడుకువి, చదువుకున్నవాడివి, నువ్వు చెప్పి ఆసుపత్రికి తీసుకెళ్ళు."

నేనేమన్నానో రాయడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది. మా అమ్మ సంగతి మేం చూసుకుంటాం, మీరు మీ ఊరికి పోయి మీ కండ్లు చూపించుకోండి అన్నాను. ఆమె పైట చెంగు భుజం మీదికి లాక్కుని లోపలికి పోయింది.

అమ్మకు ఆ మాట చెప్పలేదు. ఆ మనిషి ఆంధ్రావిడ కాబట్టి చెప్పలేదని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అది సగమే నిజం. రంగులు కనబడ్డ రోజు అమ్మ నన్ను తిట్టేది కాదు, మర్నాడు బయటికి పోతానంటే అడ్డం పడేది కాదు. దేవుడు నాకు కాపలా ఉన్నాడని ఆమెకు ధీమా. ఆ ధీమా నాకు పనికొచ్చింది. దాన్ని జబ్బు అని చెబితే మళ్ళీ గుమ్మంలో రభస మొదలవుతుందని నాకు తెలుసు. ఇది నా స్వార్థం, ఇంకో పేరు దీనికి లేదు.

రెండు మూడు వారాలకు పక్కింటివాళ్ళు సామాను లారీకెక్కించుకుని వెళ్ళిపోయారు. గొడవలు సద్దుమణిగాక వస్తామని అమ్మతో చెప్పారట. తలుపుకు తాళం పడింది.

ఇంకో నెల గడిచాక ఒక మధ్యాహ్నం మా రోడ్డు మీదే ఊరేగింపును పోలీసులు అడ్డుకున్నారు. బాష్పవాయువు వదిలారు. గాలి మా వైపు ఉండడంతో పొగ ఇళ్ళలోకి వచ్చింది. ముసలీ ముతకా అందరికీ కళ్ళు మంట, దగ్గు. నేను తడి రుమాలు మూతికి కట్టుకుని ఏ సందులో ఉన్నానో నాకే తెలియదు. కర్ఫ్యూ పెట్టారని మైకులో చెబుతుంటే వెనక గోడలు దూకి, చీకటి పడే వేళకు ఇల్లు చేరాను. అమ్మ గుమ్మంలో లేదు. మంచం మీద మోకాళ్ళు ముడుచుకుని పడుకుని ఉంది. ఎడమ కన్ను నిప్పు కణిక. తల ఎడమ పక్కంతా గొడ్డలితో చీరుతున్నట్టుందంది. రెండుసార్లు వాంతి చేసుకుంది.

ఆ రోజు మా వీధిలో కళ్ళు ఎర్రబడని మనిషి లేడు. అమ్మకు కూడా పొగే తగిలిందని అందరం తీర్మానించాం. ఉల్లిగడ్డ చిదిమి వాసన చూపించమన్నారు. చల్లటి నీళ్ళతో కడగమన్నారు. పైత్యం వల్ల వాంతులన్నారు. పొద్దున కర్ఫ్యూ సడలించిన గంటలో నేను చంపాపేట దాకా పరుగెత్తి, తెలిసిన కాంపౌండరు దగ్గర కంట్లో పోసుకునే మందు, వాంతికి గోళీలు తెచ్చాను. అతని మీద తప్పేమీ లేదు, నేను చెప్పింది పొగ అని. ఆ రోజూ, మర్నాడూ అట్లాగే గడిచిపోయాయి. నేను ఇంట్లో అటూ ఇటూ తిరుగుతూ, పోలీసుల్ని తిడుతూ, కిటికీలోంచి రోడ్డు చూస్తూ ఉన్నాను. అమ్మ మూలగడం కూడా మానేసి పళ్ళు బిగబట్టుకుని పడుకుంది.

మూడో నాడు పొద్దున అద్దంలో మొహం చూసుకుంటుంటే నా కళ్ళు తెల్లగా, మామూలుగా ఉన్నాయి. పొగలో రోజంతా తిరిగినవాణ్ణి నేను. ఆ సాయంత్రమే నా మంట తగ్గిపోయింది. అమ్మ ఇంట్లో ఉన్న మనిషి. పొగ పడితే రెండు కళ్ళకూ పట్టాలి. ఒక్క ఎడమ కంటికే పట్టడమేమిటి? వెళ్ళి ఆమె కుడి కన్ను నా అరచేత్తో మూసి, ఎదురుగా చెయ్యి ఊపి, ఎన్ని వేళ్ళు అని అడిగాను. "ఏం వేళ్ళు?" అంది. కంటి నల్లగుడ్డు మీద తడిసిన అద్దంలా మసక పేరుకుని ఉంది.

గేటు దగ్గర పక్కింటామె చెప్పిన ప్రతి ముక్కా వరసగా గుర్తొచ్చింది.

కర్ఫ్యూ సడలగానే రిక్షా మాట్లాడి, నగరానికి ఆ కొసన ఉన్న పెద్ద కంటి దవాఖానకు తీసుకుపోయాను. దారిలో రెండుచోట్ల ఆపారు. ఎర్రబడ్డ ఆ కన్ను చూసి వదిలేశారు. దవాఖానలో ఒక పెద్దావిడ, తల నెరిసిన డాక్టరు, అమ్మ రెప్ప మీద రెండు వేళ్ళు ఆనించి మెల్లగా అదిమి చూసింది. తర్వాత నన్ను పిలిచింది. ముందు నా రెప్ప మీద నన్నే అదుముకోమంది, తర్వాత అమ్మది అదమమంది. నాది మెత్తగా లోపలికి పోయింది. అమ్మ కన్ను గోలీకాయలా గట్టిగా ఉంది. అంత గట్టిదనం ఒక కంటికి ఉంటుందని నేను ఊహించలేదు, చెయ్యి వెనక్కి లాగేసుకున్నాను.

ఆవిడ తీరికగా చెప్పింది. కంటి లోపల ఎప్పుడూ కొంచెం నీరు ఊరుతూ ఉంటుంది, ఊరింది ఊరినట్టు సన్నటి దారిలో బయటికి పోతూ ఉంటుంది. కొందరికి ఆ దారి పుట్టుకతోనే ఇరుకు. మసక వెలుతురులో నల్లపాప పెద్దదయినప్పుడు చుట్టూ ఉన్న పొర ముడుచుకుని దారికి అడ్డం పడుతుంది. నీరు పోక, కన్ను బిగిసి, నొప్పి పుడుతుంది, వెలుగు చుట్టూ రంగులు కనబడతాయి. నిద్రపోతే పాప చిన్నదై దారి తెరుచుకుంటుంది, అందుకే తగ్గిపోతుంది. ఏదో ఒకరోజు తెరుచుకోదు. అప్పుడు ఆ ఒత్తిడికి వెనకాల ఉన్న నరం నలిగిపోతుంది. నలిగిన నరం మళ్ళీ రాదు. శుక్లమైతే పండనిచ్చి తీసేస్తే చూపు వస్తుంది, దీనికి ఆ భాగ్యం లేదు.

దీనికి ముందు దీపం చుట్టూ రంగులేమన్నా కనబడ్డాయా అని అమ్మను అడిగింది. అంత నొప్పిలోనూ అమ్మ మొహం వెలిగింది. మూడు నెలల సంగతంతా చెప్పుకొచ్చింది, దేవుడి మాటతో సహా. డాక్టరు చేతిలోని టార్చిలైటు బల్ల మీద పెట్టింది.

"అప్పుడే రావాలె గదమ్మా," అంది. "అప్పుడొస్తే రెండు కండ్లు దక్కుతుండె."

నేను గోడ మీది బొమ్మ చూస్తూ నిలబడ్డాను. నాకు ముందే చెప్పినవాళ్ళున్నారని నోరు విప్పలేదు.

గోళీలతో, చుక్కల మందుతో మూడు రోజుల్లో కన్ను మెత్తబడింది, నొప్పి పోయింది. చూపు మాత్రం రాలేదు. కిటికీ తెరిస్తే వెలుతురని తెలుస్తుంది, అంతే. ఇప్పుడు మిగిలింది కుడి కన్ను. దాని దారి కూడా ఇరుకే, ఎప్పుడో ఒకప్పుడు దానికీ ఇదే గతి పడుతుంది, ఇప్పుడే చిన్న ఆపరేషను చేసి ఆ పొర అంచున సన్నటి కంత పెడితే నీటికి వేరే దారి దొరుకుతుంది అని డాక్టరు చెప్పింది. అమ్మ ఒప్పుకోలేదు. బాగున్న కంటికి కత్తి పెట్టనియ్యనంది. సంతకం పెట్టనంది. నేను చెప్పాను, నర్సు చెప్పింది. చివరికి, చుక్కల మందు రోజూ తప్పకుండా వేసుకోవాలని, రంగులు కనబడితే ఆ క్షణమే రావాలని చెప్పి పంపించారు. పోయేటప్పుడు డాక్టరు నాతో ఇంకో మాట అంది: ఇది రక్తంలో వచ్చేది, నువ్వు కూడా నలభై దాటాక ఏటా చూపించుకో.

ఆ తర్వాతి పది రోజులు నాకు కుదురు లేదు. ఊరేగింపులకు పోవడం మానేశాను. వెలుతురుండగానే కందిలి, ఉన్న ఒక్క కరెంటు బల్బు, రెండూ వెలిగించి ఆమె ముందు కూర్చుని, ఏమన్నా కనబడుతోందా అని అడిగేవాణ్ణి. ఏం లేదనేది. మందు చుక్కలు తానే వేసుకుంటాననేది. ఆమె గ్లాసులో నీళ్ళు పోస్తే పక్కన పడేవి. సూదిలో దారం ఎక్కించడానికి పదిసార్లు గురి చూసేది. ఎక్కకపోతే సూదిని, దారాన్ని ఒళ్ళో పెట్టుకుని ఊరుకునేది. అది చూస్తూ కూర్చోలేక నేను వాకిట్లోకి పోయేవాణ్ణి.

ఒకరోజు పొద్దు గూకే వేళ దుకాణం నుంచి వచ్చేసరికి ఇంట్లో బల్బు వెలగడం లేదు. కందిలి ఒత్తి తగ్గించి ఉంది. అమ్మ దాని ముందు కూర్చుని, పోయిన కంటిని అరచేత్తో మూసుకుని, కుడి కంటితో దీపాన్ని చూస్తోంది. మందు సీసా గూట్లో నిండుగానే ఉంది. నెత్తి నొస్తోందా అని అడిగాను. కొంచెం అంది. కనబడుతున్నాయా అన్నాను.

"గీ కంటికి గూడ ఒచ్చినయి బిడ్డా," అంది సంతోషంగా. "నన్ను ఇడిసిపెట్టలేదు దేవుడు."

రోగమమ్మా, డాక్టరు చెప్పింది గదా అని అరిచాను. ఆమె తొణకలేదు. డాక్టరమ్మకు కండ్ల సంగతి తెలుస్తది, దేవుని సంగతి ఏం తెలుస్తది అంది. నలుగురిలో నిలబడి సాక్ష్యం చెప్పింది తను. కూటంలో ఎవరన్నా మూడు రోజుల జ్వరాన్ని వారం రోజులని చెబితే అక్కడే ఆపి సరిచేసే మనిషి. అలాంటిది తన నోటితో దేవుడి పేరు మీద అబద్ధం చెప్పానని ఎట్లా ఒప్పుకుంటుంది? కన్ను పోయినా సరే, ఆ మాట పోనివ్వదు. అది నాకు అప్పుడు అర్థమైంది. ఆమె ఆ మాట వదలాలంటే, డాక్టరు చెబితే చాలదు. ఆమె నమ్మే మనిషి, కళ్ళారా చూసిన మనిషి చెప్పాలి. అట్లాంటి మనిషి చెప్పే పోయింది. ఆ మాటను దాచిపెట్టినవాణ్ణి నేను.

"పక్కింటామె నాకు జెప్పింది," అన్నాను. "వాళ్ళమ్మకు గూడ గిట్లనే దీపం సుట్టు రంగులు గనబడ్డయంట. రెండు కండ్లు పోయినయంట. ఇది రోగమని నీకు జెప్పుమన్నది. నేను చెప్పలె."

అమ్మ అరచెయ్యి కంటి మీది నుంచి కిందికి దించింది. ఎప్పుడు చెప్పింది అని అడిగింది. నువ్వు సాక్ష్యం చెప్పిన తెల్లారే అన్నాను. ఆమె లెక్క వేసుకుంటోందని తెలుస్తోంది. రెండు నెలలు. అప్పుడే రావాలె అని డాక్టరమ్మ అన్న ఆ రెండు నెలలు. కొడుతుందనుకున్నాను, కొడితే బాగుండుననుకున్నాను. ఆమె దీపం ఒత్తి పెంచింది.

"వాళ్ళమ్మకు గూడ ఎవ్వలు చెప్పకపాయిరేమో పాపం," అంది. తర్వాత, "రిక్షా దొరుకుతదేమో సూడు," అంది.

ఆపరేషను బాగా జరిగింది. దవాఖానలో ఉన్నన్నాళ్ళు పక్కింటామె ఊసే ఆమె ఎత్తలేదు. ఇంటికి వచ్చాక ఒకసారి మాత్రం, ఆమెకు కార్డు రాయమంది. ఏ ఊరో, ఏ వీధో మాకు తెలియదు. అడిగి రాసిపెట్టుకుందామన్న ఆలోచన ఆ గొడవల్లో రాలేదు. ఆ ఇంట్లోకి తర్వాత వేరేవాళ్ళు దిగారు.

కట్టు విప్పి, ఇంటి పని మొదలుపెట్టిన తర్వాత వచ్చిన గురువారం కూటం మీర్‌పేట దారిలో ఒకరి ఇంట్లో జరిగింది. అమ్మ ఆ పొద్దున తలంటుకుంది. నాతో ఏమీ చెప్పలేదు గానీ ఆమె ఏం చేయబోతోందో నాకు తెలుసు. పోకుండా ఉందామనుకున్నాను. ఒక్కర్తీ దారిలో గుంటలు చూసుకోలేదని పోయాను. మగవాళ్ళ వైపు, ఆమె నిలబడితే ఎడమ చెయ్యి పక్కకు వచ్చే గోడ వారన చోటు చూసుకున్నాను. అక్కడైతే నేను ఆమెకు కనబడను. కావాలనే అక్కడ చోటు చూసుకున్నాను.

పాటలయ్యాక అమ్మ లేచింది.

"మొన్న మా ఇంట్ల నేను జెప్పిన సాక్ష్యం తప్పు. దేవుడు చూపిచ్చిండని జెప్పిన. అది రోగం. కంట్ల నీళ్ళు పోయే తొవ్వ మూసుకపోతుంటే గట్ల కనబడ్తయంట. నా కన్ను ఒకటి పోయింది, ఒకటి దక్కింది. మీల ఎవ్వలకన్న దీపం సుట్టు రంగులు గనబడితె, కనుబొమ్మ మీద నొప్పి లేస్తె, కండ్లు మసకలైతె, తెల్లారి తగ్గింది గదా అని ఊకోకుండ్రి. ప్రార్థన జేసుకోండ్రి, గని ముందుగాల దవాఖానకు పోండ్రి."

ఎవరూ స్తోత్రం అనలేదు. మొన్న కళ్ళు ఒత్తుకున్న ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పాస్టరుగారు మంచివాడు, ఆ ఇబ్బంది పోగొట్టాలనే అడిగాడు: అయ్యో, ఇది జబ్బని ముందుగా మీకు చెప్పినవాళ్ళే లేకపోయారా తల్లీ అని.

అమ్మ మొహం మెల్లగా ఎడమ వైపు తిప్పింది. ఒక్క కంటితో అటు చూడాలంటే తల మొత్తం భుజం మీదికి తిప్పాలి, తిప్పి వెతికింది. గదిలో వాళ్ళంతా ఆమె ఎవరి కోసం వెతుకుతోందా అని అటే చూశారు. ఆమె చూపు నా మీదికి వచ్చి ఆగింది. నేను చాప అంచు వైపు చూస్తున్నాను. గొంతులో మాట సిద్ధంగా ఉంది. ఒకావిడ చెప్పింది, నేనే దాచాను. అంతే, ఎంతసేపు పడుతుంది?

"లేదయ్యా," అంది అమ్మ. "మాకు జెప్పినోళ్ళు ఎవ్వలు లేకపాయిరి."

అని కూర్చుంది. సాక్ష్యానికి నిలబడి ఆమె అబద్ధం చెప్పడం నేను విన్నది ఆ ఒక్కసారే. నేను లేవలేదు.